పొట్టిదని కూర్చోబెట్టారు, అడిగితే పొగరన్నారు

ప్రశ్న: మేడమ్, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా పాప జడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. ఆరో తరగతి నుంచీ దానికి వాలీబాల్ పిచ్చి. వానొచ్చినా మంచు కురిసినా పొద్దున్న ఆరింటికల్లా గ్రౌండులో ఉంటుంది. ఎత్తు మాత్రం నాలుగడుగుల తొమ్మిదంగుళాలే. మావారు అయిదడుగుల అయిదు, నేను అయిదడుగుల ఒకటి. ఈ ఏడాది మండలం పోటీలకి అండర్-14 టీములోకి పీఈటీ సారు ఇద్దరు కొత్తమ్మాయిల్ని తీసుకున్నారు. జూలైలో గ్రౌండుకొచ్చిన పిల్లలు. ఇద్దరూ అయిదడుగుల నాలుగు, అయిదు ఉంటారు. ఒకమ్మాయి మా స్కూలు పేరెంట్స్ కమిటీ ఛైర్మన్ గారి కూతురు. ఇంకో అమ్మాయి వాళ్ళ నాన్న రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. మా పాపని ఎక్స్‌ట్రా ప్లేయరుగా తీసుకెళ్ళి ఒక్క పాయింటుకి కూడా దించలేదు. టీము సెమీఫైనల్లో ఓడిపోయింది. మర్నాడు స్కూల్లో మా పాప టీము టీషర్టు సారు బల్ల మీద విసిరేసి, “పొడుగున్నోళ్ళతోనే ఆడించుకోండి సార్” అందట. “నీకు యాటిట్యూడ్ ఎక్కువైంది, ముందు అది తగ్గించుకో” అన్నారట సారు. అప్పటినుంచీ గ్రౌండుకి వెళ్ళడం లేదు. “మంచిదేలే, ఇంకో రెండేళ్ళలో టెన్త్, ఆటలు చాలు” అంటున్నారు మావారు. నాకేమో హెడ్మాస్టరు గారి దగ్గరికెళ్ళి కడిగేయాలనుంది. లేకపోతే స్కూలు మార్చేయాలా? ఎత్తు పెరగడానికి పొడులేవో అమ్ముతున్నారు, వాడొచ్చా? పాప నవంబరులో పుట్టింది. వచ్చే ఏడాది అండర్-14కి వయసు దాటిపోతుందట. పుట్టిన తేదీని ఆ పై జనవరికి మార్పిస్తే ఇంకో ఏడాది ఆడొచ్చని మా బంధువొకాయన అంటున్నారు. అసలు తప్పు మా పాపదా, సారుదా?
— ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా, మీ సారు స్థానంలో నేనున్నా ఆ పొడుగమ్మాయిలిద్దరినీ తీసుకునేదాన్నే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత తెలిసి కోపం తెచ్చుకోకుండా. కానీ మీ పాపని ఒక్క పాయింటుకీ దించకుండా ఇంటికి తీసుకొచ్చేదాన్ని మాత్రం కాను. ఈ రెండూ వేరువేరు సంగతులు. మీ ఉత్తరంలో రెండూ కలిసిపోయి ఒకే అన్యాయంగా కనిపిస్తున్నాయి.

ఎత్తు సంగతి ముందు చూద్దాం. ఆడవాళ్ళ వాలీబాల్లో నెట్ ఎత్తు 2.24 మీటర్లు, అంటే ఏడడుగుల నాలుగంగుళాలు. మీ పాప నేల మీద నిలబడి చెయ్యి పైకి చాస్తే వేళ్ళ కొసలు ఆరడుగులు దాటి ఒకటి రెండంగుళాల దగ్గర ఆగుతాయి. నెట్ పై అంచు ముట్టుకోవడానికే అడుగుకి పైగా ఎగరాలి. షాట్ కొట్టాలంటే మణికట్టు కూడా నెట్ దాటాలి కాబట్టి ఇంకా ఎగరాలి. అయిదడుగుల అయిదంగుళాల పిల్ల చెయ్యెత్తితే ఇంచుమించు ఏడడుగులు వస్తుంది. ఆ అమ్మాయి నాలుగైదంగుళాలు ఎగిరితే నెట్ అందుతుంది. చిన్నపిల్లల కోసం నెట్ కాస్త దించి కట్టినా వాళ్ళిద్దరి మధ్య తేడా అంతే ఉంటుంది. మూడేళ్ళ సాధన ఒకవైపు, తల్లిదండ్రులిచ్చిన ఎముక ఒకవైపు. నెట్ దగ్గర ఎముకే గెలుస్తుంది. ఇది చెప్పడానికి నాకేం సంతోషంగా లేదు. కానీ హైస్కూళ్ళ గ్రౌండుల్లో విజిల్ ఊదుతూనే రిటైరైన మనిషిని, తెలిసింది దాచలేను.

2017 ఆగస్టులో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ మీరు టీవీలో చూసే ఉంటారు. మన సింధు అయిదడుగుల పదకొండు దాకా ఉంటుంది. ఎదురుగా జపాన్ అమ్మాయి ఒకుహారా, అయిదడుగుల రెండుకి అటూ ఇటూ. గంటా యాభై నిమిషాలు ఆడారు. 21-19, 20-22, 22-20తో ఒకుహారా గెలిచింది. ఒక్క ర్యాలీ అయితే 73 షాట్లు సాగింది. సింధు ఎత్తు వాలీబాల్ ఇంటి నుంచి వచ్చింది. అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులే, నాన్న రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు. ఆ రోజు ఓడిపోయిన సింధుని గానీ, అంతకుముందూ ఆ తర్వాతా గెలిచిన సింధుని గానీ “నువ్వు పొడుగు, ఇది అన్యాయం” అని ఎవరూ అనలేదు. ఒకుహారాని “పొట్టిదానివి, నీకెందుకీ ఆట” అని కూర్చోబెట్టిన వాళ్ళూ లేరు.

మీ పాపని కూర్చోబెట్టారు. తేడా అక్కడుంది. బ్యాడ్మింటన్‌లో గెలిస్తే పై రౌండుకి వెళ్తారు, ఎవరి దయా అక్కర్లేదు. వాలీబాల్లో ముందు ఒకరు ఎంచుకోవాలి. ఎంపిక అనేది ఉన్నాక అనుమానం తప్పదు, ఒక్కోసారి ఆ అనుమానం నిజమే అవుతుంది కూడా. జిల్లా దాటి రాష్ట్రం, జాతీయం దాకా వెళ్తే క్రీడా కోటాలో పనికొచ్చే సర్టిఫికెట్ వస్తుంది. ఆ కాగితం కోసం సర్పంచుల దగ్గర్నుంచి ఎమ్మెల్యే గారి పీఏల దాకా టీము జాబితా రాసే ముందురోజు ఫోన్లు చేయడం నాకు తెలియని సంగతి కాదు. కాబట్టి మీ అనుమానాన్ని తీసిపారేయను.

కానీ మీ ఉత్తరంలోనే ఒక మాట రాశారు చూడండి. రెండో అమ్మాయి వాళ్ళ నాన్న రొయ్యల చెరువు కాపలాదారు. సారుకి ఆయనతో ఒరిగేదేముంది? ఛైర్మన్ కూతురు ఛైర్మన్ కూతురు కాబట్టే వచ్చిందనుకుంటే, కాపలాదారు కూతురు ఎలా వచ్చినట్టు? ఇద్దరూ ఎత్తు చూసే వచ్చారనుకోవడమే ప్రస్తుతానికి సబబు. అలాగని మీ సారుకి పక్షపాతం లేదనీ అనను. పక్షపాతం ఉందో లేదో టీము జాబితా చూస్తే తెలియదు. ఎవరేం చేస్తే సారు ఊరుకుంటున్నారో చూస్తే తెలుస్తుంది. ఛైర్మన్ గారమ్మాయి వారంలో మూడు రోజులు ప్రాక్టీసుకి రాకపోయినా మ్యాచ్‌లో మొదటి ఆరుగురిలో ఉంటోందా? అదే తప్పు చేస్తే కాపలాదారు కూతుర్ని గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తున్నారా? ఈ సంగతులు మీ పాపకి కచ్చితంగా తెలుసు. పిల్లలు వీటి లెక్క మనకంటే బాగా పెట్టుకుంటారు. కోపంగా కాకుండా, అన్నం తినేటప్పుడు మామూలుగా అడగండి.

ఇక సారు చేసిన అసలు పొరపాటు నాకు కనిపించేది ఇది. టీములో పన్నెండు మంది, కోర్టులో ఆరుగురు. సెట్టుకి ఆరు మార్పులు చేసుకోవచ్చు. కోర్టులో ముందు ముగ్గురు, వెనక ముగ్గురు. సర్వీస్ మన చేతికొచ్చిన ప్రతిసారీ అందరూ ఒక్కో స్థానం తిరగాలి. అంటే ఆ పొడుగమ్మాయిలు కూడా వంతు వచ్చేసరికి వెనక్కి వెళ్ళాల్సిందే. జూలైలో బంతి పట్టుకున్న పిల్ల వెనక నిలబడి సర్వీస్ అందుకోవడం నేనెన్నిసార్లు చూశానో. మోకాళ్ళు వంగవు, రెండు చేతులు కలిసేలోపు బంతి ముంజేతికి తగిలి కంచెలోకి పోతుంది. అండర్-14 మ్యాచ్‌లలో షాట్లతో వచ్చే పాయింట్లకన్నా సర్వీస్ తీయలేక పోగొట్టుకునే పాయింట్లే ఎక్కువని ఏ పీఈటీని అడిగినా చెబుతారు. సరిగ్గా అక్కడే మీ పాప లాంటి పిల్ల పనికొస్తుంది. పొడుగమ్మాయి వెనక వరసకి వెళ్ళగానే ఆమెని తీసి దీన్ని దించాలి. ముందుకొచ్చే వంతుకి మళ్ళీ మార్చాలి.

దీనికోసమే 1998 నుంచి అంతర్జాతీయ వాలీబాల్లో లిబరో అని ఒక స్థానమే పెట్టారు. వేరే రంగు చొక్కాతో కనిపిస్తుందే, ఆ ప్లేయర్. వెనక వరసలో మాత్రమే ఆడాలి, నెట్ దగ్గర ఎగిరి చేతులడ్డుపెట్టి బ్లాక్ చేయకూడదు, నెట్ పైన ఉన్న బంతిని అవతలికి కొట్టకూడదు. బదులుగా లోపలికీ బయటికీ వెళ్ళి రావడం ఆ ఆరు మార్పుల లెక్కలోకి రాదు. లిబరోకి కావలసింది నేలకి దగ్గరగా కదిలే నడుము, బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టే కన్ను, దెబ్బలకి భయపడని మోకాళ్ళు. మన మండలం మ్యాచ్‌లలో లిబరోని పెట్టే సార్లు తక్కువే. పొడుగువాళ్ళని ఆరుగుర్ని నిలబెట్టి దేవుడి మీద భారం వేసేవాళ్ళే ఎక్కువ. సెమీఫైనల్లో ఓడిన కథ దగ్గరుండి చూడలేదు గానీ, ఎలా ఓడి ఉంటారో ఊహించగలను.

మీ సారు పక్షాన కూడా ఒక్క మాట. ఇప్పుడు పీఈటీ అంటే ఆటలు నేర్పడం ఒక్కటే కాదు. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోటోల అప్‌లోడ్లు, రాని మాస్టారి పీరియడ్లో కూర్చోవడం అన్నీ ఆయన మీదే. పోటీలకి రెండు వారాల ముందు టీము కట్టమంటారు. అప్పుడు చేతికందేది ఎత్తే. కొలవడం తేలిక, ఎవరికైనా చూపించొచ్చు. హైదరాబాద్ దగ్గరి హకీంపేట క్రీడా పాఠశాల నాలుగో తరగతి పిల్లల్ని చేర్చుకునే పరీక్షల్లో కూడా పరుగు, దూకడం, మెడిసిన్ బాల్ అనే బరువైన బంతి విసరడంతో పాటు ఎత్తూ బరువూ కొలుస్తారు. ప్రభుత్వమే టేపు పట్టుకుంటుంటే మండలం సారుని ఒక్కణ్ణే అని లాభమేముంది?

అందుకే ఆ సారుకి ఎత్తులాగే కొలిచి చూపించగలిగేదేదో ఒకటి ఇవ్వాలి. “మా పాపని ఎందుకు తీసుకోలేదు?” అంటే జవాబు రాదు, గొడవ వస్తుంది. పాపనే వెళ్ళి ఇలా అడగమనండి: “సార్, నేను వెనక వరసలో ఆడాలంటే ఏం చేయగలగాలి?” ఆ ప్రశ్నకి ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. దాంతోపాటు చిన్న పరీక్ష. ఎవరైనా పెద్దపిల్ల అవతల నుంచి ఇరవై సర్వీసులు కొట్టాలి. అందులో ఎన్నింటిని మీ పాప తిన్నగా లిఫ్టర్, అంటే షాట్ కొట్టేవాళ్ళకి బంతి ఎత్తి ఇచ్చే ప్లేయర్, చేతిలోకి పంపగలదో లెక్కపెట్టాలి. లిఫ్టర్ అటూ ఇటూ రెండడుగులకి మించి కదలాల్సి వస్తే లెక్కలోకి రాదు. ఆ ఇద్దరమ్మాయిలకీ అదే పరీక్ష, అదే రోజు, సారు కళ్ళముందు. పద్నాలుగు పదిహేను తీయగలిగితే ఆ అంకెని పక్కన పెట్టడం ఏ సారుకీ తేలిక కాదు. ఆరేడే వస్తే సారు చేసింది అంత తప్పు కాదని మీకూ తెలుస్తుంది. అది తెలియడం కూడా అవసరమే. ఇంకో దారి లిఫ్టర్. కొన్ని ఊళ్ళలో బూస్టర్ అంటారు. లిఫ్టర్‌కీ ఎత్తు ఉంటే మంచిదే గానీ, స్కూలు స్థాయిలో వేళ్ళ నేర్పు, చురుకుదనం ఉన్న పొట్టిపిల్లలు చక్కగా నెగ్గుకొస్తారు.

ఇప్పుడు టీషర్టు సంగతి. విసరడం తప్పు. అందులో వాదన లేదు. కానీ అమ్మా, ఇదే పని ఒక మగపిల్లాడు చేసి ఉంటే స్టాఫు రూములో “వాడికి కసి ఉందండీ” అనుకుని నవ్వుకునేవాళ్ళు. ఆడపిల్ల చేస్తే అది యాటిట్యూడ్, పొగరు. ఈ మాటని పెద్దవాళ్ళం చాలా సుఖంగా వాడేస్తాం. జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఎదురైనప్పుడు అడిగిన తీరు పట్టుకుంటే ప్రశ్న నుంచి తప్పించుకోవచ్చు. మీ పాప అడిగిన తీరు బాగాలేదు, అడిగిన విషయంలో న్యాయం ఉంది. క్షమాపణ తీరుకే చెప్పాలి, విషయానికి అక్కర్లేదు. మీరు వెంట వెళ్ళకండి. తనే ఒక్కతే, నలుగురు పిల్లలు చూస్తుండగా కాకుండా, “సార్, టీషర్టు విసరడం తప్పే, సారీ. కానీ నన్నొక్కసారి కూడా ఎందుకు దించలేదో తెలుసుకోవాలనుంది” అంటే చాలు. రెండో వాక్యం మింగేయొద్దని గట్టిగా చెప్పండి. చాలామంది తల్లులు మొదటి వాక్యం దగ్గరే పిల్ల నోరు మూయిస్తారు.

ఆ ఇద్దరమ్మాయిల మీద మీ పాప మాట జారకుండా చూడండి. “పొడుగున్నోళ్ళు” అని తను అన్నదీ, తనని “పొట్టి” అని ఎవరైనా అంటే అదీ ఒకే కోవలోవి. ఆ కాపలాదారు కూతురు మొదటిసారి ఒకచోట తన ఎత్తు వల్ల మంచిమాట విని ఉంటుంది. క్లాసులో వెనక బెంచీకి తోసేసిన ఎత్తే కదా అది.

హెడ్మాస్టరు గారి దగ్గరికి ఇప్పుడే వద్దు. సారుని అడిగాక కూడా వెటకారమే ఎదురైతే అప్పుడు వెళ్ళండి, కడిగేయడానికి కాదు, తేదీలతో రాసిన కాగితంతో. ఆడని పిల్లల పేర్లు జాబితాలో ఎక్కించారని తెలిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. అలాగే మాటలు దాటి పిల్లల్ని కొట్టడం, ఇంకేదైనా ఇబ్బంది పెట్టడం ఉంటే ఇదంతా వదిలేసి నేరుగా ఫిర్యాదు చేయండి. 1098కి ఫోన్ చేసినా సరే. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు, అయినా చెప్పి ఉంచుతున్నాను. స్కూలు మార్చడం దండగ. పక్క స్కూల్లోనూ నెట్ అదే ఎత్తులో ఉంటుంది.

ఎత్తు పెంచే పొడులు కొనకండి. ఆ డబ్బుతో గుడ్లూ పాలూ పప్పూ కొనండి, మోకాళ్ళకి వేసుకునే మంచి నీ-క్యాపులు కొనండి. డాక్టర్లు వేసే ఒక ఉజ్జాయింపు లెక్కుంది. ఆడపిల్లకైతే తండ్రి ఎత్తూ తల్లి ఎత్తూ సెంటీమీటర్లలో కలిపి, పదమూడు తీసేసి, సగం చేయాలి. మీ ఇద్దరి ఎత్తుల్ని బట్టి 153, 154 సెంటీమీటర్లు వస్తుంది, అంటే అయిదడుగుల పైన ఓ అర అంగుళం. అటూ ఇటూ మూడంగుళాల దాకా తేడా రావచ్చు. పాప పెద్దమనిషి అయిందో లేదో మీరు రాయలేదు. కాకపోతే ఇంకా సాగే వ్యవధి ఉంది. అయ్యాక పెరిగేది మామూలుగా రెండు మూడంగుళాలే. ఆ ఇద్దరమ్మాయిలు ముందుగా ఎదిగేసిన పిల్లలైతే అండర్-17కి వచ్చేసరికి మధ్యలో తేడా కొంత తగ్గుతుంది. కానీ మీ పాప నెట్ దగ్గర షాట్లు కొట్టే ప్లేయర్ అవుతుందని ఆశ పెట్టకండి. దానికి మనసు కష్టపడుతుందని దాచకండి కూడా. తనకి ఈపాటికే తెలిసి ఉంటుంది.

పుట్టిన తేదీ మార్పించమన్న మీ బంధువు గారికి నా మాటగా గట్టిగానే చెప్పండి. స్కూలు ఆటల్లో వయసు లెక్క డిసెంబరు 31కి చూస్తారు. నవంబరు పిల్ల అదే ఏడాది జనవరిలో పుట్టిన పిల్లతో పది నెలల తేడా మోస్తూ ఆడాలి. ఆ వయసులో పది నెలలంటే చాలా ఎదుగుదల. ఇది నిజమైన ఇబ్బందే. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ళ పుట్టిన నెలలు తీసి చూస్తే ఏడాది మొదట్లో పుట్టినవాళ్ళే ఎక్కువగా తేలారని 1985లోనే ప్రచురించారు. తేదీ ఎక్కడ పెట్టినా దాని చివర్న పుట్టిన పిల్లలు నలుగుతారు. దానికి మందు దొంగ సర్టిఫికెట్ కాదు. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూసే పరీక్ష ఉంది, కుర్రాళ్ళ క్రికెట్లో బీసీసీఐ ఆ పరీక్షే చేయిస్తుంది. దొరికితే పాపతో పాటు టీము మొత్తం పోతుంది. దొరక్కపోతే రేపు ఆధార్లో ఒక తేదీ, టెన్త్ మెమోలో ఇంకో తేదీతో ఆ పిల్ల ఆఫీసుల చుట్టూ తిరగాలి. పైగా ఆ సీటు ఎవరిదో తెలుసా? వచ్చే ఏడాది ఏడో తరగతి నుంచి వచ్చే ఇంకో పొట్టిపిల్లది.

మీవారి మాట. చదువు పాడవుతుందని ఆయన భయం, అందులో తప్పులేదు. క్రీడా కోటా ఆశ చూపించి ఆయన్ని ఒప్పించకండి. మండలం స్థాయిలో ఆగిపోయే పిల్లలే ఎక్కువ. రేపు కోటా రాకపోతే ఆ నేరం పాప మీద పడుతుంది. పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా గంట, సాయంత్రం చదువు, టెన్త్‌లో పబ్లిక్ పరీక్షల ముందు మూడు నెలలు పూర్తిగా సెలవు. ఇలా తేల్చుకోండి, ఆయనా కాదనరు.

ఇంకొకటి గమనించాను. మీరేమనుకుంటున్నారో రాశారు, మీవారేమంటున్నారో రాశారు, సారన్నదీ బంధువన్నదీ రాశారు. పాప ఇప్పుడేం కావాలంటోందో ఉత్తరంలో ఎక్కడా లేదు. గ్రౌండుకి మళ్ళీ వెళ్తావా అని ముందు దాన్నే అడగండి. వద్దంటే కొన్నాళ్ళు వదిలేయండి, బతిమాలకండి. వెళ్తానంటే సోమవారం పొద్దున్నే పంపండి, మీరు మాత్రం గేటు దగ్గర నిలబడకండి.